లేనిదానికి అర్థం: ‘బర్నింగ్’ చిత్రం ముగింపులో అనుమానం, లక్షణ, అబద్ధం

దక్షిణ కొరియా దర్శకుడు లీ చాంగ్-డాంగ్ తీసిన ‘బర్నింగ్’ 2018లో కాన్ చలనచిత్రోత్సవంలో ప్రదర్శితమై, అంతర్జాతీయ చలనచిత్ర విమర్శకుల సమాఖ్య బహుమతిని పొందింది. దీనికి మూలం జపాన్ రచయిత హరుకి మురకామి 1983లో ప్రచురించిన ‘బార్న్ బర్నింగ్’ కథ. అదే పేరుతో 1939లో వచ్చిన విలియం ఫాక్‌నర్ కథ నీడ కూడా చిత్రంపై ఉంది. కథానాయకునికి అభిమాన రచయిత ఫాక్‌నరే. లీ చాంగ్-డాంగ్ చలనచిత్ర రంగంలోకి రాకముందు నవలాకారుడు. ఈ చిత్రాన్ని సాహిత్య విద్యార్థి తన పరిధిలోనిదిగా భావించడానికి ఈ కారణాలు చాలు. అయితే ఈ వ్యాసానికి అసలు ప్రేరణ వేరు. ఈ చిత్రం ముగింపుపై జరిగే చర్చ చాలావరకు ‘ఆధారాలు చాలినన్ని ఉన్నాయా, లేవా’ అన్న దగ్గరే ఆగిపోతున్నది. ముగింపులోని సందిగ్ధత ఆధారాల కొరత నుండి పుట్టలేదనీ, ఒక వాక్యానికి అర్థం చెప్పుకొన్న తీరు నుండి పుట్టిందనీ నా అభిప్రాయం. ఆ తీరును వివరించడానికి మన తర్క, అలంకార శాస్త్రాల పరిభాష ఎక్కువ ఉపకరిస్తుంది.

కథను సంగ్రహంగా చెప్పుకోవాలి. జాంగ్-సు చిన్నచిన్న పనులు చేసుకొంటూ నవల రాయాలనుకొనే యువకుడు. తండ్రి ఒక ప్రభుత్వోద్యోగిపై దాడి చేసిన కేసులో విచారణను ఎదుర్కొంటున్నాడు. ఇల్లు ఉత్తర కొరియా సరిహద్దుకు దగ్గరగా ఉన్న పాజు ప్రాంతంలోని పల్లెలో. సరిహద్దు అవతలి నుండి లౌడ్‌స్పీకర్ల ప్రచారం ఆ ఇంటిదాకా వినిపిస్తుంది. చిన్నప్పుడు తన ఊళ్ళోనే ఉన్న హే-మి అతనికి సియోల్ వీధిలో తారసపడుతుంది. ఆమె ఆఫ్రికా వెళ్ళి, బెన్ అనే సంపన్నుడితో తిరిగివస్తుంది. ఒక సాయంకాలం ముగ్గురూ పాజులో కూర్చొని ఉండగా, తనకు రెండు నెలలకొకసారి పాడుబడ్డ గ్రీన్‌హౌస్‌ను తగులబెట్టే అలవాటు ఉన్నదని బెన్ చెబుతాడు. త్వరలోనే, జాంగ్-సు ఇంటికి చాలా దగ్గరలో మరొకటి కాలుస్తానంటాడు. ఆ తరువాత హే-మి కనబడదు. జాంగ్-సు వెదకుతాడు, బెన్‌ను వెంబడిస్తాడు, చివరికి అతన్ని పొడిచి, అతని కారుతో సహా తగులబెడతాడు. తన బట్టలన్నీ విప్పి ఆ మంటలో వేసి, మంచు పడుతుండగా నగ్నంగా తన ట్రక్కు నడుపుకొంటూ పోతాడు. చిత్రం ముగుస్తుంది.

బెన్ హే-మిని చంపాడా? ఈ ప్రశ్నకు చిత్రం సమాధానం ఇవ్వదు.

అనుమానం అనే మాట

తెలుగులో ‘అనుమానం’ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. శాస్త్రంలో అది ప్రమాణం, వాడుకలో అది శంక. జాంగ్-సు విషయంలో ఈ రెండూ ఎక్కడ కలిసిపోయాయో చూడాలి. మొదట అతని వద్ద ఉన్న హేతువులను న్యాయంగా లెక్కించాలి. హే-మి గది ఎన్నడూ లేనంత శుభ్రంగా సర్ది ఉంది. ఆమె ప్రయాణపు పెట్టె గదిలోనే ఉంది. చివరిసారిగా ఆమె నంబరు నుండి వచ్చిన ఫోనులో మాటలు లేవు, అడుగుల చప్పుడు, అస్పష్టమైన శబ్దాలు మాత్రమే ఉన్నాయి. బెన్ స్నానాల గదిలోని సొరుగులో ఆడవాళ్ళ చిన్నచిన్న నగలు దాచి ఉన్నాయి. తరువాత అదే సొరుగులో హే-మికి తాను ఇచ్చిన గులాబీరంగు గడియారం వంటిది కనిపించింది. బెన్ ఇంట్లో కొత్తగా చేరిన పిల్లి ‘బాయిల్’ అని పిలవగానే దగ్గరకు వచ్చింది. అది హే-మి పెంచిన పిల్లి పేరు.

ఇవి తోసిపుచ్చదగినవి కావు. కాని తార్కికుడు అడిగే మొదటి ప్రశ్న వ్యాప్తి గురించి. పొగ ఉన్న ప్రతిచోటా నిప్పు ఉంటుంది కనుకనే కొండపై పొగను చూసి నిప్పును ఊహిస్తాం. సాధ్యం లేనిచోట కూడా హేతువు కనిపిస్తే అది సవ్యభిచారం, హేత్వాభాసం. ఆ గడియారం అంగడి ముందు లాటరీలో జాంగ్-సుకు వచ్చిన బహుమతి. అటువంటివి నగరంలో ఎన్ని ఉంటాయో చెప్పలేం. ఒకవేళ అది హే-మిదే అయినా, స్నేహితుని ఇంట్లో ఆమె మరచిపోయి ఉండవచ్చు. పిల్లి సంగతి ఇంకా చిత్రమైనది. హే-మి గదిలో జాంగ్-సు ఆ పిల్లిని ఒక్కసారీ చూడలేదు. తిండి గిన్నె ఖాళీ కావడమే చూశాడు. ఎన్నడూ చూడని పిల్లిని గుర్తుపట్టడం ఎలా సాధ్యం? భయపడి కారు పార్కింగ్‌లో దాక్కున్న పిల్లి మెత్తగా పిలిచినవాని దగ్గరకు రావడం పేరును గుర్తించడమే అనడానికి వ్యాప్తి లేదు.

బావి ప్రసంగంలో శబ్దప్రమాణం కూడా ఇలాగే చెదిరిపోతుంది. చిన్నప్పుడు తాను బావిలో పడితే జాంగ్-సు వచ్చి చూశాడని హే-మి చెబుతుంది. అతనికి అది గుర్తులేదు. ఆమె తల్లీ అక్కా అసలు బావే లేదంటారు. ఊరిపెద్దదీ అదే మాట. ఎన్నో ఏళ్ళ క్రితం ఇల్లు విడిచిపోయి, అప్పులు నెత్తిన పెట్టుకొని తిరిగివచ్చిన జాంగ్-సు తల్లి మాత్రం నీళ్ళులేని బావి ఒకటి ఉండేదంటుంది. వీరిలో ఆప్తులెవరు? ఊరిలో ఉన్నవాళ్ళా, ఊరు వదిలినదా? కొడుకుతో మాట్లాడుతూ కూడా ఫోనులోంచి తల ఎత్తని తల్లి మాటను జాంగ్-సు నమ్ముతాడు. ఎందుకంటే అది హే-మి మాటను నిలబెడుతుంది. అతని అనుమానం ఇక్కడినుండే ప్రమాణం కాకుండా శంక వైపు జారిందని నేను భావిస్తున్నాను. ప్రమాణాన్ని ఎంచుకోవడంలో అతని కోరిక ముందే ప్రవేశించింది.

కనబడని బూడిద

మూలకథలోనూ, చిత్రంలోనూ ఆ అమ్మాయి మూకాభినయం నేర్చుకొంటున్నది. లేని కమలాపండును వలిచి తింటుంది. దానిలోని కిటుకు ఆమె చెప్పేదాని ప్రకారం, పండు ఉన్నదనుకోవడం కాదు, పండు లేదన్న సంగతిని మరచిపోవడం. చాలామంది దీన్ని ఊహాశక్తికి ప్రశంసగా తీసుకొన్నారు. నాకు అది అభావంతో మనిషి పెట్టుకొనే ఒక ప్రత్యేక సంబంధంగా తోస్తుంది. హే-మి లేనిదాన్ని లేనిదిగానే వదిలి, దాని చుట్టూ చేతులు కదుపుతుంది. అక్కడ ఏదో ఉన్నదని ఎవరినీ నమ్మించదు.

జాంగ్-సు చేసేది ఇందుకు పూర్తిగా విరుద్ధం. బెన్ మాట విన్న మరునాటి నుండి అతను ఊరి చుట్టుపక్కల గ్రీన్‌హౌస్‌లను పటంలో గుర్తించుకొని ప్రతి ఉదయం పరుగెత్తుతూ ఒక్కొక్కటే చూసివస్తాడు. ఏదీ కాలలేదు. భాట్ట మీమాంసకులు, అద్వైతులు అనుపలబ్ధిని ప్రత్యేక ప్రమాణంగా అంగీకరించారు. నేలపై కుండ కనబడకపోవడమే కుండ లేదన్న జ్ఞానానికి సాధనం. దీనికి వారు ఒక నియమం పెట్టారు. ఉంటే తప్పక కనబడవలసినది కనబడనప్పుడే ఆ జ్ఞానం చెల్లుతుంది. చీకటిలో కుండ కనబడలేదని కుండ లేదనకూడదు. గ్రీన్‌హౌస్ విషయంలో ఆ యోగ్యత ఉన్నది. అవి పగటి వెలుగులో, ఆరుబయట, అతను రోజూ పోయే దారిలో ఉన్నాయి. కాలి ఉంటే బూడిద కనబడేది. కాబట్టి ‘ఇక్కడ ఏ గ్రీన్‌హౌసూ కాలలేదు’ అన్నది చిత్రం మొత్తంలో జాంగ్-సు సంపాదించిన ఒకే ఒక నిర్దుష్టమైన జ్ఞానం.

హే-మి విషయంలో ఈ యోగ్యత లేదు. సియోల్ మహానగరం. ఆమెకు అప్పులున్నాయి. కుటుంబంతో తెగతెంపులయ్యాయి. అప్పులవాళ్ళనుండి తప్పించుకోవడానికి ఆమె ఎక్కడికైనా పోయి ఉండవచ్చునన్న సూచన చిత్రంలోనే ఉంది. ఆమె కనబడకపోవడం చీకటిలో కుండ కనబడకపోవడం వంటిది. తార్కికులు అభావాన్ని నాలుగు విధాలుగా విభజించి, అందులో ప్రధ్వంసాభావాన్ని, అంటే ఉన్న వస్తువు నాశనం కావడం వల్ల కలిగే లేమిని, వేరుగా చెప్పడంలో ఔచిత్యం ఇక్కడ తెలుస్తుంది. ‘ఇక్కడ లేదు’ అన్నదానినుండి ‘ధ్వంసమైంది’ అన్నదానికి పోవడానికి ఇంకొక ప్రమాణం కావాలి. జాంగ్-సుకు ఆ ప్రమాణాన్ని సమకూర్చినది అలంకార శాస్త్రం.

లక్షణా, అబద్ధమా?

ఈ మాట వింతగా వినిపించవచ్చు. వివరిస్తాను.

కొంతకాలం తరువాత జాంగ్-సు బెన్‌ను కలుస్తాడు. ఆ గ్రీన్‌హౌస్ సంగతి అడుగుతాడు. కాల్చేశానని బెన్ బదులిస్తాడు. మరీ దగ్గరగా ఉన్నందువల్లనే నీవు చూడలేకపోయి ఉంటావంటాడు. హే-మి గురించి అడిగితే ఆమె పొగలాగా మాయమైపోయిందంటాడు. బెన్ వాక్యం ఇది: గ్రీన్‌హౌస్ కాలింది. జాంగ్-సు దగ్గర దానికి విరుద్ధమైన నిర్దుష్ట జ్ఞానం ఉన్నది. వాక్యానికి వాచ్యార్థం పొసగదు. ఇప్పుడు అతను ఏం చేయాలి?

మన ఆలంకారికులు లక్షణావృత్తికి మూడు నియమాలు చెప్పారు. ముఖ్యార్థానికి బాధ కలగాలి. లక్ష్యార్థానికి ముఖ్యార్థంతో సంబంధం ఉండాలి. రూఢి గాని ప్రయోజనం గాని ఉండాలి. ‘గంగలో గొల్లపల్లె’ అన్నప్పుడు ప్రవాహంలో పల్లె ఉండడం పొసగదు కనుక గంగ అన్న మాట గంగాతీరాన్ని బోధిస్తుంది. చల్లదనమూ పవిత్రతా స్ఫురించడం ప్రయోజనం. జాంగ్-సు సరిగ్గా ఈ దారిలోనే నడిచాడు. గ్రీన్‌హౌస్ కాలలేదు, కనుక గ్రీన్‌హౌస్ అంటే గ్రీన్‌హౌస్ కాదు. పాడుబడినది, ఎవరికీ అక్కరలేనిది, కాలినా పోలీసులు పట్టించుకోనిది, తనకు చాలా దగ్గరగా ఉన్నది ఏది? హే-మి. సంబంధం కుదిరింది. ప్రయోజనం నేరాన్ని గుప్తంగా చెప్పడం.

ఇంత చక్కగా అన్వయం కుదిరినప్పుడు మన శిక్షణ మనల్ని సంతోషింపజేస్తుంది. నేనూ అలాగే సంతోషించాను. మూడేళ్ళ క్రితం విభాగ సదస్సులో ఈ చిత్రంపై పత్రం చదివినప్పుడు బెన్ మాటను ఆద్యంతం లక్షణగానే వ్యాఖ్యానించి, ముగింపును న్యాయమైన ప్రతీకారంగా నిరూపించాను. తోటి పరిశోధకురాలు ఒకరు లేచి, బెన్ ఊరికే గొప్పకు అబద్ధం చెప్పి ఉండకూడదా అని అడిగారు. నా దగ్గర సమాధానం లేదు. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు ఆలస్యంగా ఇస్తున్న జవాబు.

అబద్ధానికి ముఖ్యార్థబాధ లేదు. ‘నేను నిన్న కాశీకి పోయి వచ్చాను’ అని ఇల్లు కదలనివాడు అంటే ఆ వాక్యానికి అర్థం సంపూర్ణంగా కుదురుతుంది. అది వాస్తవంతో సరిపడదు, అంతే. వాక్యంలోని పదార్థాలు తమలో తాము పొసగకపోవడం వేరు, పొసగిన వాక్యార్థం లోకంలో లేకపోవడం వేరు. ‘గ్రీన్‌హౌస్‌ను కాల్చాను’ అన్న వాక్యంలో పదాల మధ్య ఏ అయోగ్యతా లేదు. గ్రీన్‌హౌస్ కాలే వస్తువే. కాబట్టి జాంగ్-సు ఎదుర్కొన్నది బాధ కాదు, విసంవాదం. అతను విసంవాదాన్ని బాధగా భ్రమించి లక్షణకు పోయాడు.

దీనిపై ఒక పూర్వపక్షం ఉంది. లక్షణకు బీజం అన్వయం పొసగకపోవడం కాదని, తాత్పర్యం పొసగకపోవడమేనని చెప్పేవారున్నారు. కాకులనుండి పెరుగును కాపాడమన్నప్పుడు వాక్యార్థం పొసగుతూనే ఉన్నది. అయినా కుక్క వచ్చినప్పుడు చూస్తూ ఊరుకోం. చెప్పినవాని తాత్పర్యం పెరుగును కాపాడడం కనుక కాకి అన్న మాట పెరుగును పాడుచేసే ప్రతిదానినీ బోధిస్తుంది. అదే విధంగా బెన్ తాత్పర్యాన్ని అనుసరించి లక్షణ చెప్పుకోవచ్చు గదా? చెప్పుకోవచ్చు, బెన్ తాత్పర్యం మనకు తెలిస్తే. ఇక్కడే దర్శకుని నిగ్రహం గమనించదగినది. చిత్రం దాదాపు మొత్తం జాంగ్-సు ఉన్నచోటనే జరుగుతుంది. బెన్ ఒంటరిగా ఉన్న క్షణం, బెన్ మనసు తెలిపే క్షణం ప్రేక్షకునికి దక్కదు. మిత్రుల మధ్య అతను ఆవులించడం మాత్రం రెండుసార్లు చూస్తాం. తాత్పర్యం తెలియనిచోట తాత్పర్యబలంతో లక్షణ చేయడం వ్యాఖ్యాత తన తాత్పర్యాన్ని వక్తకు అంటగట్టడమే.

దర్శకుడు ఈ ఉచ్చును ముందే పన్ని ఉంచాడనడానికి ఒక దృశ్యం ఆధారం. బెన్ తన వంటింట్లో వండుతూ, మనుషులు దేవుళ్ళకు నైవేద్యం పెట్టినట్లు తాను తనకోసం నైవేద్యం తయారుచేసుకొని తింటానని అంటాడు. అది మెటఫర్ మాత్రమేనంటాడు. మెటఫర్ అంటే ఏమిటని హే-మి అడుగుతుంది. జాంగ్-సును అడగమని, అతను రచయిత కదా అని బెన్ తప్పుకొంటాడు. జాంగ్-సు సమాధానం చెప్పకుండా స్నానాల గది ఎక్కడని అడుగుతాడు. ఆ గదిలోనే నగల సొరుగు కనిపిస్తుంది. రూపకం గురించిన ప్రశ్నకు ఇవ్వని జవాబును అతను ఆ సొరుగు దగ్గరనుండి చిత్రం చివరిదాకా ఇస్తూనే ఉన్నాడు.

నిప్పు ఎవరి చేతిలో?

‘కాలడం’ అనే పేరున్న ఈ చిత్రంలో నిప్పు ఎన్నిసార్లు కనిపిస్తుందో లెక్కించడం ఉపయోగకరం. కాలుతున్న గ్రీన్‌హౌస్ ముందు ఒక పిల్లవాడు నిలిచి ఉంటాడు. అది జాంగ్-సు కల. ఒక ఉదయం అతనే లైటరుతో ఒక గ్రీన్‌హౌస్ ప్లాస్టిక్‌ను అంటించి, వెంటనే కంగారుగా ఆర్పేస్తాడు. చివరికి బెన్ కారు కాలుతుంది. తల్లి ఇల్లు విడిచిపోయినప్పుడు తండ్రి తనచేత ఆమె బట్టలను కాల్పించాడని అతనే చెప్పుకొన్నాడు. తెరపై కనిపించే ప్రతి మంటకూ మూలం జాంగ్-సు. బెన్ నిప్పు మాటల్లోనే ఉంది. పొగను చూసి నిప్పును ఊహించమన్న శాస్త్రాన్ని ఈ చిత్రానికి అన్వయిస్తే, పొగ ఎవరి ఇంటినుండి వస్తున్నదో వేరే చెప్పనక్కరలేదు.

ఇంకొక హేతువును జాంగ్-సు లెక్కించనే లేదు. ఆ సాయంకాలం హే-మి పైబట్టలు తీసివేసి అస్తమిస్తున్న వెలుగులో నర్తిస్తుంది. తరువాత బెన్ కారెక్కబోతున్న ఆమెతో, మగవాళ్ళముందు అలా బట్టలు విప్పేది ఎటువంటి ఆడదో ఒక నీచమైన మాటతో చెబుతాడు జాంగ్-సు. అతను ఆమెను చూసింది అదే చివరిసారి. లోకంలో తాను నమ్మే ఒకే వ్యక్తి జాంగ్-సు అని హే-మి అన్నట్లు బెన్ తరువాత చెబుతాడు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఆమె కనబడకుండా పోవడానికి బెన్‌తో నిమిత్తం లేని కారణం ఒకటి మన కళ్ళముందే ఉంది. జాంగ్-సు శోధనలో ఆ మాట ఎక్కడా ప్రస్తావనకు రాదు. కొమ్మూరి సాంబశివరావు నవలలో యుగంధర్ అయితే మొట్టమొదట ఆ సాయంకాలం ఎవరు ఏమన్నారని అడిగి ఉండేవాడు.

రాయబడిన హత్యా?

ముగింపును గురించి బలమైన రెండవ వ్యాఖ్యానం ఒకటి ఉంది. హత్యకు ముందు జాంగ్-సు హే-మి గదిలో కిటికీ దగ్గర కూర్చొని ల్యాప్‌టాప్‌లో రాస్తూ కనిపిస్తాడు. చిత్రమంతటా రాయలేకపోయినవాడు ఇప్పుడు రాస్తున్నాడు. కెమెరా కిటికీ బయటినుండి వెనక్కు జరిగి నగరాన్ని చూపుతుంది. ఆ వెంటనే వచ్చే దృశ్యంలో జాంగ్-సు లేడు. బెన్ తన కొత్త స్నేహితురాలికి ముఖాలంకరణ చేస్తుంటాడు. అంతవరకూ పాటించిన దృష్టికోణ నియమం ఇక్కడే తెగింది. కాబట్టి ఇక్కడినుండి ఉన్నది జాంగ్-సు రాస్తున్న నవల అని ఈ వ్యాఖ్యానం. దీనికి మరో బలం చేర్చవచ్చు. ఆ అలంకరణ పెట్టెను జాంగ్-సు బెన్ స్నానాల గదిలో ముందే చూశాడు. అంటే ఆ దృశ్యాన్ని కల్పించడానికి కావలసిన సామగ్రి అతని దగ్గర ఉంది.

పాఠగతంగా ఈ వ్యాఖ్యానాన్ని నేను అంగీకరిస్తాను. దాన్ని వాడుకొనే తీరుతోనే నాకు పేచీ. ‘ఎవరూ చావలేదు, అంతా రాత’ అని ఊపిరి పీల్చుకోవడానికి అది సాకుగా మారుతున్నది. కథలో కథ మనకు కొత్త కాదు. కొరవి గోపరాజు ‘సింహాసన ద్వాత్రింశిక’లో ప్రతి బొమ్మా కథ చెప్పి ముగించగానే మళ్ళీ భోజరాజు ముందుకు వస్తాం. చట్రం తెరుచుకొంటుంది, మూసుకొంటుంది. ‘బర్నింగ్’లో చట్రం తెరుచుకొన్నదేమో అన్న శంక మిగులుతుంది, మూసుకోవడం మాత్రం లేదు. ఆ గదికి కెమెరా తిరిగిరాదు. నిర్వహణ సంధిలో చెదిరిన అర్థాలన్నీ ఒకచోట చేరాలని నాట్యశాస్త్రం కోరుతుంది. ఇక్కడ చేరవలసిన చోటే కనబడదు. పైగా అది రాతే అయినా, ఒక స్త్రీ లేకపోవడం ఏమిటో తెలియక, ఆ ఖాళీలో ఒక పురుషుని శవాన్ని పెట్టి నింపిన రాత అది. రెండు వ్యాఖ్యానాలూ బెన్, జాంగ్-సుల మధ్యనే తిరిగి, హే-మిని మరచిపోతున్నాయి. ఆమె అప్పులు, ఆమె కుటుంబం, ఆడవాళ్ళు ఎలా ఉన్నా తప్పుపట్టే లోకం గురించి ఆమెతో పనిచేసిన అమ్మాయి చెప్పిన మాటలు చర్చలోకి రావడం లేదు.

ఆమె గురించి చివరి దృశ్యంలో అడిగేది ఒక్కడే. హే-మితో కలిసి ఉన్నానని చెప్పి జాంగ్-సు బెన్‌ను పొలాల మధ్య దారికి పిలిపిస్తాడు. బెన్ కారు దిగి, చుట్టూ చూసి, హే-మి ఎక్కడని అడుగుతాడు. ఆమెను చంపినవాడు ఈ ప్రశ్న ఎందుకు అడుగుతాడు? అసలు ఆమె ఉన్నదంటే ఎందుకు వస్తాడు? నటన అనవచ్చు. జాంగ్-సుకు ఎంత తెలుసో చూడటానికి వచ్చాడనవచ్చు. మొదటి వ్యాఖ్యానం ప్రకారం ఇది జరిగిన సంఘటన అయితే, జాంగ్-సు తన అనుమానానికి ఎదురుగా నిలిచిన ఆ ప్రశ్నను చెవులారా విని, విన్న తరువాతే కత్తి దించాడు.

రెండవ వ్యాఖ్యానం ప్రకారం ఇది అతని నవల అయితే, చిక్కు ఇంకా పెద్దది. అప్పుడు ఆ ప్రశ్నను బెన్ నోట పెట్టినది జాంగ్-సే. బెన్ నేరం మీద పూర్తి నమ్మకం ఉన్న రచయిత తన హంతకుని చేత ఒప్పుకోలు చెప్పించవచ్చు, కనీసం మౌనంగా ఉంచవచ్చు. బదులుగా, తన లక్షణావ్యాఖ్యను కూలదోసే ఒకే ఒక్క వాక్యాన్ని అతనికి ఇచ్చాడు. పొడిచిన తరువాత బెన్ చేతులు చాచి అతన్ని పట్టుకోవడాన్ని, దాదాపు కౌగిలించుకోవడాన్ని కూడా అతనే రాశాడు. చిన్నప్పుడు తల్లి బట్టలను తగులబెట్టిన చేతులతో ఇప్పుడు తన బట్టలను మంటలో వేయించుకొన్నాడు. ట్రక్కు అద్దంపై మంచు కరుగుతుంటుంది, వెనుక అద్దంలో మంట చిన్నదవుతుంటుంది, బెన్ అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పవలసినవాడు బండి నడుపుతుంటాడు.